వినడం వేరు, చదవడం వేరు: సీడీలను ఫైళ్లుగా మార్చుకోవడం గురించి

కూర్చోండి, కూర్చోండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి. నేను మాట్లాడటం మొదలుపెట్టక ముందే ఒక పని చేసేస్తాను. ఈ డిస్క్ చూశారా? ఇలా దీపం కింద వాలిస్తే... ఆ, కనిపించిందా? మధ్య నుంచి అంచు దాకా ఒక గీత. దానికి కాస్త దూరంలో, అంచు మీద, ఎవరిదో వేలిముద్ర. ఎవరిదో ఏమిటి, నాదే అయ్యుంటుంది. దీన్ని తుడవకుండా, కావాలనే, ఈ డ్రైవ్‌లో పెడుతున్నాను. మనం మాట్లాడుకుంటుంటే దాని పని అది చేసుకుంటుంది. ఇందులో పది ట్రాకులున్నాయి, డెబ్భై నిమిషాల పైచిలుకు, అంచుదాకా నిండిన డిస్క్. చివర్లో ఏం తేలిందో అందరం కలిసే చూద్దాం. ఇంటి దగ్గర ముందే చేసి చూసుకుని రాలేదు, నిజంగానే నాకూ తెలీదు.

సరే, మూడు ప్రశ్నలు అడుగుతాను, చేతులెత్తండి. ఇంట్లో సీడీలు ఉన్నవాళ్లు? దాదాపు అందరూ. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు? సగం మంది. ఎక్కించినది సరిగ్గా ఎక్కిందని తెలిసినవాళ్లు? "అనుకుంటున్నాను" కాదు, తెలిసినవాళ్లు. ఒకటి... రెండు. మీరిద్దరూ కాఫీ తాగడానికి వెళ్లిపోవచ్చు, మిగతావాళ్లతో నాకు పని ఉంది.

నేనీ పని ఒకసారి కాదు, మూడుసార్లు చేశాను. అందుకే నన్ను పిలిచారనుకుంటాను. ఒక్కసారే సరిగ్గా చేసేసినవాడి దగ్గర చెప్పడానికి ఏముంటుంది? మొదటిసారి, హార్డ్ డిస్కులు చిన్నగా ఉన్న రోజుల్లో, అన్నిటినీ 128 కిలోబిట్ల ఎంపీత్రీలుగా చేశాను. చోటు కలిసొచ్చింది, పాటలు చిక్కిపోయాయి. తాళాలు మోగితే నీళ్లలో మోగినట్టుండేది. రెండోసారి బుద్ధొచ్చి, కుదించకుండా వేవ్ ఫైళ్లుగా ఎక్కించాను. పేర్లు లేవు, ఫైలు లోపల పాట వివరాలు రాసుకునే ట్యాగులు లేవు, "ట్రాక్ 01" అనే పేరుతో ఏడు వందల ఫైళ్లు! అదొక కష్టం. అసలు కష్టం వేరే ఉంది. ఒక వయొలిన్ రికార్డింగులో, నాలుగో నిమిషం దగ్గర, సన్నగా ఒక "టిక్" వినిపించేది. ఏళ్ల తరబడి విన్నాను. విల్లు తీగకి తగిలి ఉంటుందనుకున్నాను. ఇంకా చెప్పాలంటే ఆ టిక్ మీద నాకు ప్రేమ కూడా పుట్టింది, ఎంత సహజంగా రికార్డు చేశారో అని. ఒకరోజు ఒక మిత్రుడింట్లో అదే డిస్క్ విన్నాను. టిక్ లేదు. అది వయొలిన్ విద్వాంసుడిది కాదు, నాది. నా డ్రైవ్ నాకు పెట్టిన టిక్.

మిగతా ఏడు వందల డిస్కుల్లో అలాంటివి ఎన్నున్నాయి? నాకెలా తెలుస్తుంది? కూర్చుని ఏడు వందల గంటలు వింటానా? విన్నా, ఏది పాటలోదో ఏది నాదో ఎలా తేల్చుకుంటాను? మూడోసారి మొదలుపెట్టింది ఆ ప్రశ్న వల్లే.

మొదట ఒక చిన్న విషయం. సీడీని కంప్యూటర్లో పెట్టి విండోస్‌లో తెరిచారనుకోండి. ట్రాకుకో ఫైలు చొప్పున వరసగా కనిపిస్తాయి, చివర సీడీఏ అని ఉంటుంది. ఎంత హాయి! మొత్తం ఎంచుకుని, కాపీ చేసి, ఫోల్డర్‌లో పడేస్తే అయిపోయింది. చేసినవాళ్లున్నారా? నవ్వకండి, నేనూ చేశాను. ఆ ఫైలు సైజు ఎప్పుడైనా చూశారా? 44 బైట్లు. ఆరు నిమిషాల పాట 44 బైట్లలో ఇమిడిపోతుందా? అవి పాటలు కావు, ఫలానా పాట డిస్క్ మీద ఫలానా చోట మొదలవుతుందని చెప్పే చీటీలు. అవి కూడా డిస్క్ మీద లేవు, విండోస్ మనకోసం అప్పటికప్పుడు రాసి చూపిస్తోంది. సీడీ మీద ఫైళ్లంటూ ఏమీ లేవు. అందుకే దీన్ని "కాపీ" అనరు, "రిప్" అంటారు. చీరుకుని తీసుకోవాలన్నమాట.

మరి డిస్క్ మీద ఏముంది? లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక్క దారి. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం 1.6 మైక్రోమీటర్లు, విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్ల పైమాటే. ఆ దారి పొడుగునా గుంటలు, గుంటల మధ్య సమతలాలు. వాటిలో ఉన్నవి కొలతలు. శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఎడమ చెవికొకటి కుడి చెవికొకటి చొప్పున, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాస్తారు. గుణించి చూసుకోండి, సెకనుకి 14,11,200 బిట్లు. అంటే గంట సంగీతం సుమారు 635 మెగాబైట్లు. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఈ ప్రమాణాన్ని రాశాయి, 1982లో డిస్కులు బజారులోకి వచ్చాయి. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. అప్పుడు వాళ్ల మనసులో ఉన్నది కంప్యూటర్ కాదు, ప్లేయర్. డిస్క్ తిరుగుతూ ఉండాలి, పాట ఆగకుండా రావాలి. అంతే.

ఒక తేడా చూడండి. సంగీతపు సీడీలో సెకనుని 75 ముక్కలు చేస్తారు, ముక్కకి 2,352 బైట్లు. అన్నీ సంగీతమే. అదే సైజు డిస్క్ మీద తరవాత కంప్యూటర్ ఫైళ్లు దాచడం మొదలుపెట్టినప్పుడు, ముక్కలో 2,048 బైట్లే ఫైలుకి ఇచ్చారు. మిగతా 304 బైట్లు ఏమయ్యాయి? "నేను ఫలానా నంబరు ముక్కని" అని చెప్పే చిరునామాకి కొన్ని, తప్పులు పట్టుకుని దిద్దే అదనపు లెక్కలకి చాలావరకు. ఎందుకని? పాటలో ఒక కొలత అటూ ఇటూ అయితే కొంప మునగదు. ప్రోగ్రామ్‌లో ఒక్క బిట్ తప్పితే అది నడవనే నడవదు. అందుకని ఫైళ్లకి కాపలా ఎక్కువ పెట్టారు, పాటలకి తక్కువ పెట్టారు. మనం ఈరోజు పడుతున్న తంటా అంతా ఆ 304 బైట్ల తంటా.

తక్కువ పెట్టారన్నాను గానీ, అసలు లేకపోలేదు. ఉన్నది ఎంత అందమైన ఏర్పాటో చెప్తాను, ఇక్కడ కాస్త ఆగుతాను. మీలో పద్యం తెలిసినవాళ్లున్నారు కదా? పాత తాళపత్రంలో పద్యం ఉంది, ఒక అక్షరం పురుగు తినేసింది. ఏం చేస్తారు? అది పాదంలో రెండో అక్షరమైతే, మిగతా పాదాల్లో రెండో అక్షరం చూస్తే చాలు, హల్లు దొరికిపోతుంది, ప్రాస కాబట్టి. యతిస్థానమైతే పాదం మొదటి అక్షరాన్ని అడుగుతారు. అది గురువో లఘువో గణం చెప్తుంది. అంటే ఛందస్సు వినడానికి ఇంపు కోసమే కాదు, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి కూడా పనికొస్తోంది. రీడ్, సాలొమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ఒక పద్ధతి చెప్పారు. అంకెల గుంపుకి లెక్కకట్టి ఇంకొన్ని అంకెలు తగిలిస్తే, గుంపులో కొన్ని చెడిపోయినా మిగిలినవాటి నుంచి పోయినవాటిని అచ్చంగా రాబట్టొచ్చు. ఊహ కాదు, అచ్చంగా. అది అంకెల ఛందస్సు. సీడీ మీద ప్రతి గుంపుకీ అది ఉంది.

అంతేనా? గీత పడితే పక్కపక్కనున్న అంకెలన్నీ ఒకేసారి పోతాయి కదా, పాదానికి పాదం పోతే ప్రాస ఏం చేస్తుంది? దానికీ ఉపాయం ఉంది. శతావధాని ఒక్కొక్కరికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తిలో అందరికీ మొదటి పాదాలు, రెండో ఆవృత్తిలో రెండో పాదాలు. మధ్యలో కాసేపు సభలో గోల అయిందనుకోండి, ఏ ఒక్కరి పద్యమూ పూర్తిగా పోదు, కొందరికి ఒక్కో పాదం పోతుంది. సీడీలో అంకెల్ని అలాగే దూరం దూరంగా చెదరగొట్టి రాస్తారు. చదివేటప్పుడు మళ్లీ ఒకచోటికి చేరుస్తారు. దారి పొడుగునా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెడిపోయినా, లెక్కప్రకారం, ఒక్క బిట్ కూడా పోకుండా వెనక్కి వస్తుంది. నాకైతే ఇది ఇరవయ్యో శతాబ్దపు అందమైన పనుల్లో ఒకటి. ఎక్కువ చేసి చెప్తున్నానంటారా? పోనివ్వండి.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. నష్టం అంతకు మించితే? ఛందస్సుకి కూడా అందనంత పోతే? అప్పుడు మీ ప్లేయర్ ఏం చేస్తుందో తెలుసా? కల్పిస్తుంది. పోయిన కొలతకి ముందున్నదీ వెనకున్నదీ చూసి, మధ్యలో నప్పేలా ఒక అంకె వేసేస్తుంది. మరీ ఎక్కువ పోతే ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. మీకు తెలీదు, పాట సాగిపోతుంది. సభలో పద్యం చదివే పండితుడికి ఒక పదం గుర్తురాలేదనుకోండి, అప్పటికప్పుడు ఆశువుగా ఒకటి వేసి ముందుకెళ్లిపోతాడు. సభకి అదే కావాలి. కానీ అదే మనిషి పద్యాన్ని పరిష్కరించి అచ్చు వేస్తున్నాడనుకోండి, అలా వేసేయొచ్చా? అక్కడ చుక్కలు పెట్టాలి, "ఇక్కడ శిథిలం" అని రాయాలి. వినడం వేరు, చదవడం వేరు అంటున్నది ఇందుకే. ప్లేయర్ పని వినిపించడం. రిప్ చేసే ప్రోగ్రామ్ పని పరిష్కర్త పని. మామూలు ప్రోగ్రాములు చాలావాటికి ఈ తేడా తెలీదు. డ్రైవ్ ఇచ్చింది ఇచ్చినట్టు పుచ్చుకుని ఫైలు రాసేస్తాయి. నా టిక్ అలాగే వచ్చింది.

ఒక్క నిమిషం... ఆరో ట్రాక్ దగ్గరుంది. బాగానే పోతోంది.

పరిష్కర్తలా పనిచేసే ప్రోగ్రాములున్నాయి. విండోస్‌కి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితం, డీబీపవర్‌యాంప్ డబ్బు పెట్టి కొనుక్కునేది. మ్యాక్‌కి ఎక్స్ఎల్‌డీ. లినక్స్‌లో సీడీపారనోయా అని పాతకాపు ఉంది, పేరులోనే అనుమానం ఉంది చూడండి, దాన్ని ఆధారం చేసుకుని విప్పర్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. ఇవన్నీ చేసేది ఒకటే: డ్రైవ్ మాట ఒక్కసారికే నమ్మవు. ఒకే చోటుని రెండుసార్లు చదివిస్తాయి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే సరే. రాకపోతే మళ్లీ, మళ్లీ, మళ్లీ. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ మొండిచోట్ల ఎనభై సార్ల దాకా అడుగుతుంది. సాక్షిని పదేపదే ప్రశ్నించే ప్లీడరు లాగా. అందులో ఒక మెలిక ఉంది. చాలా డ్రైవులు ఒకసారి చదివింది తమ జ్ఞాపకంలో దాచుకుని, రెండోసారి అడిగితే డిస్క్ వైపు చూడకుండా అదే అప్పజెప్పేస్తాయి. అప్పుడు రెండు జవాబులూ కలవకేం చేస్తాయి? అందుకే సెట్టింగుల్లో క్యాష్ అనే మాట కనబడితే దాటేయకండి. మీ డ్రైవ్‌కి ఆ అలవాటుందో లేదో ప్రోగ్రామే పరీక్షించి చెప్తుంది, చెప్పినట్టు పెట్టుకోండి.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన భాగం. ఒకే డ్రైవ్ వందసార్లు ఒకే తప్పు చదవొచ్చు కదా? అవును, చదవొచ్చు. మరి బయటి సాక్షి ఎవరు? మీ దగ్గరున్న డిస్క్ ప్రపంచంలో మీ ఒక్కరి దగ్గరే లేదు. అదే ముద్రణ వేలమంది దగ్గర ఉంది. వాళ్లూ రిప్ చేశారు. ఒక్కో ట్రాకు మొత్తాన్నీ లెక్కలో వేసి ఒక చిన్న సంఖ్య తేల్చి, ఆ సంఖ్యని ఒకచోట జమ చేస్తున్నారు. పాటని కాదు, సంఖ్యని మాత్రమే. దాని పేరు ఆక్యురేట్‌రిప్. మీ సంఖ్య వాళ్ల సంఖ్యతో కలిసిందా, అయిపోయింది. వేర్వేరు డ్రైవులు, వేర్వేరు గీతలున్న డిస్కులు, ఎవరికెవరు తెలీని మనుషులు, అందరూ ఒకే తప్పుని ఒకేలా చేసి ఉండరు కదా? ఎంతమందితో కలిసిందో కూడా అంకె చూపిస్తుంది. ఒక చిన్న హెచ్చరిక: ఆ అంకె ఒకటి అని ఉంటే మురిసిపోకండి. ఆ ఒక్కరూ మీరే కావచ్చు, కిందటేడు మీరే పంపి ఉండొచ్చు! నాకు అలా జరిగింది. నాతో నేను ఏకీభవించి సంతోషపడ్డాను.

ఆ సంఖ్యలు కలవాలంటే అందరూ ఒకే చోట నుంచి చదవడం మొదలుపెట్టాలి. ఇందాక చెప్పాను, సంగీతపు ముక్కలకి కచ్చితమైన చిరునామా లేదని. పుటసంఖ్యలు లేని పుస్తకం అది. "పదో పుట తియ్యి" అంటే ఒక్కో డ్రైవ్ కాస్త అటో ఇటో తీస్తుంది. ఒకటి ఆరు కొలతలు తప్పుతుంది, ఒకటి 102, ఇంకొకటి 667. కంగారు పడకండి, 667 కొలతలంటే సెకనులో అరవయ్యారో వంతు, చెవికి తెలీదు. హాయి ఏమిటంటే ఒక్కో మోడల్ ఎప్పుడూ ఒకే లెక్కన తప్పుతుంది. గోడ గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుందనుకోండి, దాన్ని పట్టుకుని కూడా రైలెక్కొచ్చు. మీ డ్రైవ్ ఎంత తప్పుతుందో ప్రోగ్రామ్ కనిపెట్టి సరిచేస్తుంది. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. ఒక్కసారి పెట్టుకుంటే ఇక మర్చిపోవచ్చు.

చప్పుడు మారింది, విన్నారా? తొమ్మిదో ట్రాక్. డ్రైవ్ వేగం తగ్గించుకుంది. ఏదో కష్టం మీద ఉంది. ఉండనివ్వండి.

తుడవడం గురించి చెప్తాను, ఇదే తరుణం. మనం అద్దం తుడిచినట్టు గుండ్రంగా తుడుస్తాం. అదే తప్పు. మధ్య నుంచి అంచుకి, తిన్నగా తుడవాలి. ఎందుకు? గుడ్డలో ఒక ఇసుక రేణువుందనుకోండి. తిన్నగా తుడిస్తే పడే గీత ప్రతి చుట్టులోనూ కొద్దిగా మాత్రమే కోస్తుంది, దాన్ని ఛందస్సు దిద్దుకుంటుంది. గుండ్రంగా తుడిస్తే పడే గీత దారి వెంబడే పోతుంది, పాదాలకి పాదాలు పోతాయి. నూగు రాలని మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, మరకుంటే ఒక్క చుక్క గిన్నెల సబ్బు. అది చాలు. టూత్‌పేస్టుతో రుద్దేవాళ్లున్నారు, పని చేసినట్టు కూడా అనిపిస్తుంది. నేను మాత్రం ఇక వేరే దారి లేదన్నప్పుడే ఆ పని చేస్తాను.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. మనం మెరిసే వైపు అపురూపంగా చూసుకుంటూ, బొమ్మ ఉన్న వైపు బల్లమీద గీకుతాం. తలకిందులు! మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కాపలా ఉంది. బొమ్మ వైపు పల్చటి పూత, దాని కిందే అసలు రాత. అక్కడ లోతుగా గీసుకుంటే ఆ రాత ఊడొచ్చేస్తుంది, ఏ సబ్బూ తేలేదు. డిస్క్‌ని దీపానికి అడ్డంగా పెట్టి చూడండి. సూదిమొన చుక్కల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ పొర పోయినట్టే. ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లు ఇంకా సున్నితం, వాటిలో ఉన్నది గుంటలు కాదు రంగు, ఎండకీ వేడికీ వెలిసిపోతుంది. ఏది ముందు రిప్ చేయాలని అడిగితే, ముందు అవి. అచ్చు డిస్కులు ఇంకో పదేళ్లు ఆగినా ఆగుతాయి.

సరే, ఏ ఫైలుగా దాచుకోవాలి? ఇక్కడ గంటలు గంటలు వాదించేవాళ్లున్నారు, నేను త్వరగా తేల్చేస్తాను. ఫ్లాక్. 2001 నుంచి ఉంది, ఉచితం, ఎవరి సొత్తూ కాదు. సైజు సుమారు సగానికో, సగం కన్నా కాస్త ఎక్కువకో తగ్గుతుంది, విప్పితే ఒక్క బిట్ కూడా తేడా లేకుండా మొత్తం వెనక్కొస్తుంది. దుప్పటి మడతపెట్టి బీరువాలో పెట్టినట్టు. ఎంపీత్రీ అలా కాదు, చెవికి తెలీదనుకున్నవి కత్తిరించి పారేస్తుంది. ఆపిల్ పరికరాలే వాడేవాళ్లయితే ఆలాక్, అదీ ఇలాంటిదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి మార్చుకోవచ్చు, ఏమీ పోదు. ఫ్లాక్‌లో సున్నా నుంచి ఎనిమిది దాకా స్థాయిలుంటాయి. ఎనిమిది పెడితే శబ్దం చెడుతుందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. మడత ఎంత గట్టిగా వేశామన్నదే తేడా, దుప్పటి అదే.

మీరు అడగబోయేది నాకు తెలుసు. "320 కిలోబిట్ల ఎంపీత్రీకీ దీనికీ తేడా వినపడుతుందా?" నిజం చెప్పాలంటే, చాలా పాటల్లో నాకు వినపడదు. కళ్లకి గంతలు కట్టి పరీక్ష పెట్టుకున్నాను, ఓడిపోయాను. అయినా ఫ్లాకే ఎందుకంటాను? చెవి కోసం కాదు. ఫ్లాక్ నుంచి రేపు ఏ ఫైలైనా పుట్టించుకోవచ్చు. ఫోన్‌కి చిన్నది కావాలంటే ఓపస్‌గానో ఎంపీత్రీగానో చేసుకుంటారు, అసలు పదిలంగా ఉంటుంది. ఎంపీత్రీ నుంచి మళ్లీ ఇంకో ఎంపీత్రీ చేస్తే జిరాక్సుకి జిరాక్సు. ఎంపీత్రీని ఫ్లాక్‌గా మారిస్తే? సైజు పెరుగుతుంది, పోయింది రాదు. అలాగే సీడీని 24 బిట్లకీ 96 కిలోహెర్ట్జ్‌కీ, అంటే సెకనుకి 96,000 కొలతలకీ, పెంచి దాచుకోమనే సలహా వింటుంటాను. చెంబులో నీళ్లు బిందెలో పోస్తే నీళ్లు పెరుగుతాయా?

పేర్ల సంగతి. డిస్క్ మీద పాటల పేర్లు ఉండవు, తెలుసా? సీడీ-టెక్స్ట్ అని 1996లో వచ్చింది గానీ వాడిన డిస్కులు తక్కువ. మరి కంప్యూటర్‌కి పేర్లెలా తెలుస్తున్నాయి? ట్రాకులు ఎక్కడెక్కడ మొదలయ్యాయో ఆ కొలతల్ని బట్టి డిస్క్‌ని గుర్తుపట్టి, ఎవరో పుణ్యాత్ములు ఎప్పుడో టైపు చేసిపెట్టిన జాబితా తెచ్చి చూపిస్తుంది. ఒక్కోసారి కొలతలు కలిసే రెండు డిస్కులుంటాయి. నేను కీర్తనల డిస్క్ పెడితే హెవీ మెటల్ పేర్లు వచ్చాయి! ఫ్రీడీబీ అని ఒక పెద్ద జాబితా ఉండేది, 2020లో మూతపడింది. ఇప్పుడు మ్యూజిక్‌బ్రెయిన్జ్ మెరుగు. అయినా అందులో లేని డిస్కులు మన దగ్గర బోలెడుంటాయి, చేత్తో రాసుకోవాల్సిందే. రాసేటప్పుడు ఒకటే జాగ్రత్త: ఒక మనిషికి ఒకటే పేరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట అసలే లేకుండా రాశారంటే, మీ సంగ్రహంలో ఒక గాయని ముగ్గురైపోతుంది. ఫ్లాక్ ట్యాగులు యూనికోడ్ కాబట్టి తెలుగులో నిక్షేపంగా రాసుకోవచ్చు. తెలుగా ఇంగ్లీషా అన్నది మీ ఇష్టం, కానీ సగం అటూ సగం ఇటూ వద్దు. నేను సగం అటూ సగం ఇటూ చేశాను, ఇప్పటికీ సరిచేస్తున్నాను.

డిస్క్‌తో వచ్చే చిన్న పుస్తకం కూడా స్కాన్ చేయండి. పక్కవాద్యం ఎవరు, ఏ ఏడు రికార్డు చేశారు, ఇవి చాలాసార్లు ఇంకెక్కడా దొరకవు. రిప్ అయ్యాక ప్రోగ్రామ్ ఇచ్చే లాగ్ ఫైలు, ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో రాసి ఉండే క్యూ షీటు, రెండూ పాటలతోపాటే ఆ ఫోల్డర్‌లో ఉంచండి. లాగ్ అంటే రసీదు. పదేళ్ల తరవాత "ఇది సరిగ్గా చేశానా?" అని అనుమానం వస్తే అదే జవాబు.

దాచడం గురించి రెండు ముక్కలు. ఏడు వందల డిస్కులు ఫ్లాక్‌లో నాకు సుమారు 250 గిగాబైట్లు పట్టాయి. ఈ రోజుల్లో అది లెక్కలోది కాదు. డిస్క్‌కి పన్నెండు నిమిషాల చొప్పున 140 గంటలు పట్టింది, అదీ లెక్క. అందుకే ఒక్క హార్డ్ డిస్క్‌లో పెట్టి చేతులు దులుపుకోకండి. రెండో ప్రతి ఉండాలి, ఆ రెండోది ఇంకో ఇంట్లో ఉండాలి. ఫ్లాక్ ఫైలు లోపల అసలు శబ్దం తాలూకు ఒక ముద్ర దాచి ఉంటుంది. ఏడాదికోసారి అన్ని ఫైళ్లనీ ఆ ముద్రతో సరిచూడమని కంప్యూటర్‌కి చెప్పి పడుకోండి. పొద్దున్నకి ఏది చెడిందో చెప్తుంది. డిస్కులు పారేయకండి, అమ్మేయకండి. సొంత వాడకానికి నకలు తీసుకోవడం గురించి దేశానికో చట్టం ఉంది, మీ దేశంలో ఏముందో చూసుకోండి. ఎక్కడైనా సరే, డిస్క్ మీ చేతిలో ఉండటం మీకే మంచిది.

అయిపోయింది! రండి, చూద్దాం. తెర మీద కనిపిస్తోందా వెనక వాళ్లకి? ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నీ కలిశాయి. తొమ్మిది, మూడు చోట్ల మళ్లీ మళ్లీ చదివి, కలిసింది. పది... కలవలేదు. రెండో నిమిషం దగ్గర అనుమానం ఉన్న చోటు అని రాసింది. చుక్కలు పెట్టిందన్నమాట, కల్పించి ఊరుకోలేదు.

చివరి ట్రాకే ఎందుకు? లోపలి నుంచి బయటికి చదువుతుంది కదా, అంచు దగ్గర ఉన్నది చివరి పాట. మనం పట్టుకునేదీ అంచే. సరే, తీస్తున్నాను. ఈ గుడ్డతో, మధ్య నుంచి అంచుకి, చూడండి... ఇలా ఐదారు సార్లు. గీతని నేను ఏమీ చేయలేదు, వేలిముద్ర తుడిచానంతే. మళ్లీ పెడుతున్నాను, పదో ట్రాక్ ఒక్కటే.

ఈలోగా ఒక ప్రశ్న తీసుకుందాం. చెప్పండి అమ్మా. "తుడిచినా కలవకపోతే?" మంచి ప్రశ్న. మొదట ఇంకో డ్రైవ్‌లో పెట్టండి. ఒక డ్రైవ్ చేతులెత్తేసిన డిస్క్‌ని ఇంకోటి అవలీలగా చదివేయడం నేను చాలాసార్లు చూశాను, రెండు వేర్వేరు కంపెనీల డ్రైవులు ఉండటం మేలు. వేగం తగ్గించి చూడండి, ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు. తరవాత క్యూటూల్స్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. అక్కడ జమ చేసే సమాచారంలో దిద్దుబాటు లెక్కలు కూడా ఉంటాయి, నష్టం చిన్నదైతే మీ ఫైలునే సరిచేసి ఇస్తుంది. ఇందాకటి ఛందస్సే, కాకపోతే ఊరందరూ కలిసి దాచింది. అదీ కాకపోతే అదే డిస్క్ ఇంకెవరి దగ్గరుందో వెతుక్కోండి, నేను నా వయొలిన్ డిస్క్‌కి అదే చేశాను. అదే ముద్రణ అయ్యుండాలి సుమా, తరవాతి ముద్రణల్లో శబ్దాన్ని పెంచి బాదేసినవి ఉంటాయి.

వచ్చింది. పదో ట్రాక్... కలిసింది. పద్నాలుగు మందితో.

గీత అలాగే ఉంది, చూడండి. మనం భయపడింది దానికి, అడ్డుపడింది వేలిముద్ర. కావాలంటే డిస్క్ అటువైపు అందించండి, అందరూ చూస్తారు. అంచులు మాత్రమే పట్టుకోండి బాబూ.